షెడ్డు అద్దెకిస్తున్నారా? బోర్డు కాదు, మీటరూ స్క్రాపూ చూడండి

2025 సెప్టెంబరులో హైదరాబాద్ ఓల్డ్ బోయిన్‌పల్లిలో ఆల్ప్రాజోలమ్ అనే మత్తుమందు తయారుచేసే యూనిట్‌ను తెలంగాణ పోలీసుల మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్ పట్టుకుంది. అది నడిచింది ఒక ప్రైవేటు స్కూలు ఉన్న భవనంలోనే. ఆ సరుకు చేరేది కల్లులో కలపడానికి, కల్లు డిపోలకు. స్కూలే ముసుగైనప్పుడు, ఊరి చివర రేకుల షెడ్డుకు 'ఇంజనీరింగ్ వర్క్స్' అనో 'కెమికల్స్' అనో బోర్డు తగిలించడం ఏపాటి పని?

షెడ్డు యజమానికి ముందు తెలియాల్సింది చట్టం. మాదకద్రవ్యాల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, మత్తుమందుల నేరానికి తెలిసి తన స్థలం వాడుకోనిచ్చిన యజమానికి ఆ నేరానికున్న శిక్షే పడుతుంది. ఆల్ప్రాజోలమ్ 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, జరిమానా లక్ష నుంచి రెండు లక్షలు. 'తెలిసి' అన్న మాట ఉంది కదా అని ధీమా పడొద్దు. 35వ సెక్షన్ కింద నిందితుడి మనసులో ఆ ఉద్దేశం ఉందనే కోర్టు అనుకుంటుంది, లేదని మీరే నిరూపించుకోవాలి. 'నాకేం తెలుసు సార్' అంటే చాలదు. మీరు అడిగినట్టు, చూసినట్టు కాగితం మీద ఉండాలి.

అద్దెకు వచ్చినవాళ్లు ఆధార్ జిరాక్స్ ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అది సరిపోదు. జీఎస్టీ నంబరు తీసుకుని పోర్టల్‌లో మీరే కొట్టి చూడండి: పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, వ్యాపార స్వభావం. మీ షెడ్డును అదనపు వ్యాపార స్థలంగా చేర్చిన సర్టిఫికెట్‌ను నెలలోగా ఇవ్వాలని అగ్రిమెంట్‌లోనే రాయించండి. దాని అనుబంధం-ఎ లో మీ అడ్రసు కనబడాలి. కెమికల్ యూనిట్ అయితే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సీఎఫ్‌ఓ (యూనిట్ నడపడానికి అనుమతి పత్రం) అడగండి. అందులో ఏ ఉత్పత్తి, ఎంత పరిమాణం అన్నది పేరుపేరునా ఉంటుంది. మందుల ముడిసరుకు చేస్తామంటే డ్రగ్ లైసెన్సు కూడా చూపాలి. 'అప్లై చేశాం, వస్తుంది' అంటే వచ్చాకే తాళాలివ్వండి. స్థలం ఐలా (పారిశ్రామికవాడ స్థానిక సంస్థ) పరిధిలోదైతే ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ లేదా ఏపీఐఐసీ అనుమతి లేకుండా అద్దెకివ్వడం మీకే చిక్కు.

మార్కెట్ రేటుకు మించి అద్దె, ఆరు నెలలది ఒకేసారి నగదుగా ఇస్తామంటే సంబరపడకండి. కంపెనీ ఖాతా నుంచే అద్దె రావాలి. నెలకు ₹50,000 దాటితే కంపెనీ టీడీఎస్ కోసి మీ పాన్ మీద జమచేయాలి. అసలు వ్యాపారం చేసేవాడు ఈ లెక్క మర్చిపోడు.

ఇక అసలు సంగతి. కాగితాలు తెచ్చుకోవచ్చు గానీ, పని ఆనవాళ్లను రోజూ సృష్టించడం కష్టం. లేత్ వర్క్‌షాప్ అని తీసుకున్నాడనుకోండి. 3 హెచ్‌పీ లేత్‌లు రెండు, 1 హెచ్‌పీ డ్రిల్లింగ్ మెషిన్ ఒకటి: మొత్తం 7 హెచ్‌పీ, అంటే సుమారు 5.2 కిలోవాట్లు. రోజుకు 8 గంటలు, 25 రోజులు ఫుల్ లోడ్‌లో తిరిగినా 1,044 యూనిట్లే. మోటార్లు ఎప్పుడూ ఫుల్ లోడ్‌లో ఉండవు కాబట్టి మామూలుగా అందులో సగం చుట్టూ తిరుగుతుంది. బిల్లులో 4,000 యూనిట్లు కనిపిస్తే రాత్రంతా ఏదో నడుస్తోందన్నమాట: హీటరో, చల్లబరిచే చిల్లర్ యంత్రమో, పంపో. మరీ తక్కువగా, 60, 70 యూనిట్లు వస్తే మెషిన్లు షోకే. అందుకే కరెంటు సర్వీసు మీ పేరు మీదే ఉంచుకోండి, బిల్లు ప్రతినెలా చూడండి. జనరేటర్ పెడితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. డీజిల్ డబ్బాల రాకపోకలు గమనించాలి.

రెండోది స్క్రాపు. లేత్ తిరిగితే ఇనుప రజను పడక తప్పదు. చుట్టలు చుట్టలుగా, కూలెంట్ నూనె అంటుకుని, వాకిట్లో బస్తాలు కనబడాలి. స్క్రాప్ వ్యాపారి బండి వస్తూ పోతూ ఉండాలి. మూడు నెలలైనా ఒక్క బస్తా బయటికి రాలేదంటే మెషిన్ మీద చెయ్యి వేసి చూడండి: చక్ (ఇనుప ముక్కను పట్టుకుని తిప్పే భాగం) మీద దుమ్ము పేరుకుని ఉంటే మిగతాది అడగక్కర్లేదు.

మూడోది నీళ్లు, వాసన. లేత్ పనికి నీళ్ల ట్యాంకర్లతో పనిలేదు. రోజూ ట్యాంకర్ దిగుతున్నా, మోరీలో రంగు మారిన నీళ్లు పోతున్నా, పక్క బోరు నీళ్లు వాసన కొడుతున్నా అనుమానించాల్సిందే. 200 లీటర్ల డ్రమ్ముల మీద లేబుళ్లు గీకేసి ఉండటం మరో గుర్తు. నిజమైన కెమికల్ యూనిట్‌ దగ్గర ప్రమాదకర వ్యర్థాలు పంపిన ఫారం-10 మానిఫెస్టు (రవాణా చీటీ) కాపీలు ఉంటాయి. అడిగితే ఫైలు తీసి చూపిస్తారు.

అగ్రిమెంట్‌లో మూడు మాటలు తప్పకుండా ఉండాలి: ఏ పనికి ఇచ్చారో, 24 గంటల ముందు చెప్పి వచ్చి చూసే హక్కు మీకుందని, వేరేవాళ్లకు మళ్లీ అద్దెకివ్వరాదని. ఆ హక్కును వాడుకోండి కూడా. మూడు నెలలకోసారి వెళ్లి, తేదీ పడే ఫొటోలు తీసి, 'ఈరోజు చూశాను' అని వాట్సాప్‌లో అద్దెదారుకే పంపండి. 35వ సెక్షన్ ముందు మీకు పనికొచ్చేది అదే.

అనుమానం బలపడితే నిలదీయకండి, తాళం పగలగొట్టకండి. ఘాటు వాసన ఉన్న గదిలో స్విచ్ వేయడం, డ్రమ్ము మూత తీయడం ప్రాణాల మీదికి తెస్తుంది. వాచ్‌మన్‌కు కూడా చెప్పకుండా బయటికి వచ్చి ఫోన్ చేయండి. దేశమంతటికీ మాదకద్రవ్యాల హెల్ప్‌లైన్ మానస్ 1933, ఆంధ్రప్రదేశ్ ఈగల్ 1972, తెలంగాణ ఈగల్ 1908. ఫోన్ చేసిన టైము, ఎవరితో మాట్లాడారో రాసి పెట్టుకోండి. షెడ్డు సీలు వేశాక తెరవాలంటే కోర్టు దాకా వెళ్లాల్సి ఉంటుంది. అప్పుడు మీ ఫైలులో మొదటి కాగితం మీరు రాసిపెట్టుకున్న అదే అవుతుంది.