వంకర వంటగదికి ప్లాన్ గీసే ముందు

వంటగది మార్చాలనుకోగానే అందరం ముందు క్యాబినెట్ల రంగు, గట్టు మీద వేసే రాయి చూడటం మొదలుపెడతాం. గది నలుచదరంగా ఉంటే అలా చేసినా ఎలాగో నెట్టుకురావచ్చు. కానీ ఒక గోడ ఏటవాలుగా ఉండి, మధ్యలో పిల్లర్ పొడుచుకొచ్చి, రెండు మూడు తలుపులు తెరుచుకునే గదిలో ఇదే పని చేస్తే, డబ్బంతా ఖర్చయ్యాక ఫ్రిజ్ తలుపు సగం వరకే వస్తుందని తెలుస్తుంది. అందుకే రంగులు చివర్లో చూసుకుందాం, ముందు కొలతలు.

ప్రతి గోడనీ మూడు చోట్ల కొలవండి, నేల దగ్గర ఒకసారి, గట్టు ఎత్తులో ఒకసారి, పైన ఒకసారి. మూడూ ఒకేలా రాకపోతే కంగారు పడకండి, చాలా ఇళ్లలో రావు. అన్నిటికన్నా చిన్న కొలతనే ప్లాన్‌లో వేసుకోండి. తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకి టేపు పట్టి, రెండో జత మూలలకీ అలాగే పట్టి చూడండి, రెండు కొలతలూ తేడాగా వస్తే గది మూలమట్టంగా లేనట్టే. కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవుతోంది, పిల్లర్ ఎన్ని అంగుళాలు ముందుకొచ్చింది, పైపులు, స్విచ్ బోర్డులు ఎక్కడున్నాయి, అన్నీ రాసుకోండి. తలుపులని మాత్రం మూసినట్టు గీయకండి, తెరిచినప్పుడు ఎంతవరకు వస్తాయో పావు వృత్తంలా గీయండి.

ఇప్పుడు కదలనివి ఏవో తేల్చుకోవాలి. అన్నిటికన్నా మొండిది సింకు. వాడిన నీళ్లు పోయే పైపుకి మామూలుగా అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఇస్తారు, అంటే సింకుని 8 అడుగులు పక్కకి జరిపితే పైపు 2 అంగుళాలు దిగాలి, ఆ దిగడానికి చోటు ఉందో లేదో ప్లంబరు చూసి చెప్పాకే గీత గీయండి. పొగ బయటికి పోయే గొట్టం కూడా అంతే, వంపులు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది, కాబట్టి స్టవ్‌ని వీలైతే బయటి గోడ దగ్గరే ఉంచండి.

సింకు, స్టవ్, ఫ్రిజ్ కలిసి త్రిభుజంలా ఉండాలనే మాట మీరు వినే ఉంటారు. ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మొత్తం 26 అడుగులు దాటకూడదు అన్నది లెక్క. మంచి లెక్కే, కానీ అది ఒకరు వండే వంటగదికి సరిపోయేది. ఇంట్లో ఇద్దరు వండుతూ, పిల్లలు నీళ్ల కోసం వస్తూ పోతూ ఉంటే నేను త్రిభుజం కన్నా ముందు ఒకటి చూస్తాను: సింకు పక్కన ఎక్కడా తెగకుండా 36 అంగుళాల గట్టు దొరుకుతోందా? పని నిజంగా జరిగేది అక్కడే. పిల్లర్లు, కిటికీలు గట్టుని ముక్కలు చేసే గదిలో ఈ ఒక్క ముక్కనీ కాపాడుకోండి, దానికోసం ఒక అల్మరా వదులుకోవాల్సొచ్చినా పర్లేదు.

ఫ్రిజ్ గది మొదట్లో, తలుపు దగ్గర పెట్టండి. అప్పుడు దానికోసం వచ్చేవాళ్లు వేడి గిన్నెలు దించుతున్న మనిషిని దాటుకుని పోనక్కర్లేదు. స్టవ్ మాత్రం దారి పక్కన అస్సలు వద్దు, రెండు వైపులా కనీసం అడుగు గట్టు ఉండాలి, ఎవరి చెయ్యో తగిలి గిన్నె పడితే ఆ ప్రమాదం మామూలుగా ఉండదు. నడవడానికి ఒకరికైతే 42 అంగుళాలు, ఇద్దరికైతే 48 ఉంటే హాయి. అంత లేదా? రెండో వైపు పూర్తి లోతు గట్టు పెట్టకుండా 12 అంగుళాల అరలతో సరిపెట్టండి. ఇరుకు గది అనగానే 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది ఫొటోలు చూపిస్తారు. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవులో అన్నీ చేతికందేలా అమర్చారామె, అద్భుతమే, కానీ అదీ ఒక్కరు పనిచేయడానికి గీసింది. అందులోంచి అరల అమరిక నేర్చుకోండి, వెడల్పు కాదు.

ఏటవాలు గోడ ఉంటే క్యాబినెట్లని దాని వెంట వంచకండి. పెట్టెలు తిన్నగా పెట్టి, పైన రాయిని మాత్రం గోడకి తగ్గట్టు కోయించండి. పిల్లర్ 6 అంగుళాలే వస్తోందా, గట్టు మొత్తాన్ని 30 అంగుళాల లోతు చేసేస్తే పిల్లర్ అందులో కలిసిపోతుంది, వెనకాల డబ్బాలకి చోటూ వస్తుంది. రెండు గట్లు కలిసే మూల కోసం తిరిగే అరలు అమ్ముతారు, నా మాట వింటే గది చిన్నదైనప్పుడు ఆ మూలని మూసేసి రెండు వైపులా వెడల్పాటి డ్రాయర్లు పెట్టించుకోండి. మూలకి ఆనించి డ్రాయర్ పెట్టొద్దు, రెండు మూడు అంగుళాల పట్టీ వదలకపోతే ఎదుటి డ్రాయర్ పిడికి కొట్టుకుని అది తెరుచుకోదు.

గట్టు ఎత్తు 36 అంగుళాలని రాసేస్తారు. మీ ఇంట్లో ఎక్కువసేపు నిలబడేది ఎవరో వాళ్ల మోచేతికి నాలుగైదు అంగుళాల కిందికి కొలిచి అది పెట్టించండి, నడుం నొప్పి తేడా వాళ్లకే తెలుస్తుంది.

ఆర్డర్ ఇచ్చే ముందు మాత్రం ఇది తప్పకుండా చేయండి. నేల మీద టేపు అంటించి ప్రతిదీ అసలు సైజులో గీసి, గట్టు ఉండే చోట అట్టపెట్టెలు పేర్చి, రెండు మూడు రోజులు ఇంటిల్లిపాదీ అందులోనే తిరగండి. మా ఇంట్లో కాగితం మీద చక్కగా కనిపించిన ప్లాన్‌లో డిష్‌వాషర్ తలుపు తెరిస్తే సింకు దగ్గర నిలబడే చోటే లేదని మా అమ్మ రెండో రోజు పెట్టెల మధ్య నిలబడి చెప్పింది. టేపు పీకి 21 అంగుళాలు పక్కకి జరిపాం, ఖర్చేమీ కాలేదు.

ఇక పని మొదలయ్యాక, పైపులు, వైర్లు వేసి గోడలు మూయకముందే, ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత అర బిగించడానికి డ్రిల్ పట్టుకున్న రోజున ఆ ఫొటోనే కావాలి.