మలద్వారం క్యాన్సర్: మొలలే అనుకుని నెలలు గడపకండి

మలంలో రక్తం పడితే మన దగ్గర, హన్మకొండలో అయినా నర్సంపేటలో అయినా, ముందు వచ్చే మాట "వేడి చేసిందిలే, మొలలుంటాయి" అనే. చాలాసార్లు అది నిజమే. కానీ మలద్వారం క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది: రక్తం, నొప్పి, దురద, చేతికి తగిలే గడ్డ, ఎంతకూ మానని పుండు, ఒక్కోసారి గజ్జల్లో బిళ్ల కట్టడం. సిగ్గుతో ఇంట్లో చెప్పుకోక, ఆర్‌ఎంపీ దగ్గర గోళీలు తెచ్చుకుని, ఆపరేషన్ లేకుండా మొలలు మాయం అని గోడ మీద రాసిన చోటికల్లా తిరిగేసరికి నెలలు గడిచిపోతాయి. అందుకే ఒకటే అడుగుతున్నా, చూడకుండా మందిచ్చే వాళ్ల దగ్గర ఆగకండి.

వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో సర్జరీ ఓపీకి వెళ్లండి, లేదా మీకు తెలిసిన సర్జన్ దగ్గరికి. వేలితో ఒక పరీక్ష, చిన్న గొట్టంతో లోపల చూడడం, అంతే, నిమిషాల్లో అయిపోతుంది. ఆడవాళ్లు లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు, కనీసం పక్కన నర్సు ఉండాలని అడగండి. అనుమానం ఉంటే బయాప్సీ, అంటే ముక్క పరీక్ష చేస్తారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందనే భయంతో చాలామంది అక్కడే ఆగిపోతారు, అది అపోహ. రిపోర్టులో స్క్వేమస్ సెల్ అని ఉందా, అడినోకార్సినోమా అని ఉందా చూడండి, ఎందుకంటే కింద చెప్పే ట్రీట్‌మెంట్ మొదటి రకానికి, రెండోదానికి దారే వేరు. తర్వాత ఎంఆర్ఐ, సీటీ స్కాన్ తీస్తారు. హెచ్‌ఐవీ పరీక్ష, ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వారం పరీక్ష కూడా రాస్తారు, తప్పుగా అనుకోకండి.

పదిలో తొమ్మిది కేసులకు కారణం హెచ్‌పీవీ వైరస్. లైంగిక సంబంధం ద్వారా అంటుకునే ఈ వైరస్ చాలామందికి ఎప్పుడో ఒకసారి సోకేదే, ఎక్కువమందికి దానంతటదే పోతుంది, కొందరిలో ఏళ్లపాటు ఉండిపోతుంది. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో తేల్చలేం కాబట్టి దీని మీద భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవద్దు. సిగరెట్, బీడీ మాత్రం ఈ రోజే మానేయండి.

ఇక ట్రీట్‌మెంట్. ఒకప్పుడు మలద్వారం మొత్తం తీసేసి, మలం బయటికి రావడానికి పొట్ట మీద జీవితాంతం సంచి పెట్టేవాళ్లు. 1974లో డెట్రాయిట్ సర్జన్ నార్మన్ నైగ్రో, ఆపరేషన్‌కు ముందు రేడియేషన్, కీమో కలిపి ఇస్తే, తర్వాత తీసిన భాగంలో క్యాన్సరే కనిపించలేదని రాశాడు. ఇప్పుడు వేరే చోట్లకు పాకని కేసుల్లో ఎక్కువమందికి ఆ దారే: ఐదారు వారాలు, సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజూ రేడియేషన్, దాంతోపాటు కీమో మందులు: మైటోమైసిన్ ఇంజెక్షన్, ఇంకా నరంలోకి ఎక్కించే 5-ఎఫ్‌యూ లేదా దాని బదులు కాపెసిటబిన్ గోళీలు. చాలామందికి ఆపరేషన్ అవసరమే రాదు. మధ్యలో గ్యాప్ ఇస్తే మాత్రం ఫలితం దెబ్బతింటుంది, జాతరొచ్చినా వరికోతలొచ్చినా ఆపకండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లేటట్టయితే అన్ని వారాలు ఎక్కడ ఉండాలో ముందే చూసుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు, కార్డు తీసుకెళ్లి ముందు ఆస్పత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి.

రెండు మూడు వారాలు దాటాక చర్మం కాలినట్టు అవుతుంది, విరేచనాలవుతాయి, కూర్చోవడమే కష్టమవుతుంది. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోండి, వదులైన నూలు బట్టలు వేసుకోండి, డాక్టర్ రాసిన క్రీమ్ తప్ప పసర్లు పూయకండి. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, కీమో వల్ల తెల్లరక్తకణాలు తగ్గి ఉంటాయి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు రేడియేషన్ మొదలుపెట్టకముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

అయిపోగానే గడ్డ కరగలేదని టెన్షన్ పడకండి. ఆరు నెలల వరకు మెల్లమెల్లగా కరుగుతూ ఉంటుంది, తగ్గుతున్నంతకాలం ఆపరేషన్‌కు తొందరపడరు. అప్పటికీ మిగిలినా, మళ్లీ వచ్చినా అప్పుడు ఆపరేషన్, సంచి. అందుకే ఐదేళ్లు చెకప్‌లు వదలొద్దు, వెళ్లినప్పుడల్లా గజ్జలు కూడా చూడమని మీరే అడగండి.