ఫ్లోరైడ్ పరీక్షలో నల్లా నీళ్లు ఫెయిలయ్యాయా? ముందు క్లోరిన్ చూడండి

పిల్లలతో ఊరి నీళ్లు పరీక్ష చేయించే టీచర్లకు పదే పదే ఎదురయ్యే ఇబ్బందులివి. ఎర్ర మందు చుక్కలు వేసి, రంగు చార్టుతో పోల్చే ఫ్లోరైడ్ కిట్ వాడటం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: ఒకే సీసా నీళ్లకు రెండు గ్రూపులు రెండు అంకెలు చెబుతున్నాయి

కారణం చాలాసార్లు సబ్బు నురగ పూర్తిగా పోని ట్యూబ్, లేదా గడువు దాటిన మందు. ఆటో షాపులో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది (యాసిడ్ కాదు, నీళ్లే అడగండి). మొదటి పరీక్ష దానితోనే చేయించండి. ఫ్లోరైడ్ సున్నా చూపాలి. ట్యూబ్ బాగా కడిగినా చూపకపోతే ఆ రోజు ఇక ఏ నీళ్లూ పరీక్షించి లాభం లేదు, మందు మార్చండి. ఐదు నిమిషాల పని ఇది. ఎన్నిసార్లు చెప్పినా ఎగ్గొట్టేది దీన్నే.

సమస్య: బోరు నీళ్ల కంటే భగీరథ నల్లా నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ వస్తోంది

నల్లగొండ వైపు ఈ ఫలితం వస్తే ఊళ్లో గొడవే. బోరులో ఫ్లోరైడ్ ఉందనే కదా, ఇంత దూరం కృష్ణా నీళ్లు తెచ్చుకున్నది! నల్లాలోనూ అదే అంటే జనానికి టెన్షన్ రాక ఏమవుతుంది? డిస్టిల్డ్ వాటర్ పరీక్ష కూడా సరిగ్గా సున్నా చూపించి ఉంటుంది కాబట్టి మీరు కిట్‌ని నమ్మేస్తారు. ఇక్కడే దెబ్బ తింటారు.

ఈ కిట్‌లో ఎర్ర రంగు జిర్కోనియం అనే లోహం, అలిజరిన్ అనే రంగు పదార్థం కలిసి ఉండటం వల్ల వస్తుంది. నీళ్లలోని ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాగేసుకుంటే ఎరుపు తగ్గి పసుపు తేలుతుంది. ఎంత పసుపైతే అంత ఫ్లోరైడ్ అని చార్టు లెక్క. కానీ క్లోరిన్ కూడా రంగును కొరికేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ పడ్డ చొక్కా వెలిసిపోయినట్టు ఎరుపు వెలుస్తుంది, కిట్ దాన్ని ఫ్లోరైడ్ ఖాతాలో వేస్తుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, డిస్టిల్డ్ వాటర్‌లోనూ ఉండదు. అందుకే ఆ రెండూ సరిగ్గా వచ్చి నల్లా నీళ్లు ఒక్కటే దొరికిపోతాయి. ట్యాంకులో అప్పుడే బ్లీచింగ్ కలిపి ఉంటే, ట్యాంకు పక్క ఇంటి నల్లాలో తేడా ఎక్కువ, ఊరి చివర తక్కువ. పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె వస్తున్నా దీన్నే అనుమానించండి.

పరిష్కారం: ఫ్లోరైడ్ కంటే ముందు క్లోరిన్ పరీక్ష చేయండి. ఉంటే కంగారు వద్దు, ఉండాలి కూడా. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలనేది భారతీయ ప్రమాణం. ఆ నీళ్లను వెడల్పాటి ప్లాస్టిక్ గిన్నెలో పోసి, దుమ్ము పడకుండా పలుచటి గుడ్డ కట్టి ఎండలో పెట్టండి. కొన్ని గంటల తర్వాత కొంచెం వేరే ట్యూబులోకి తీసి క్లోరిన్ చూడండి, రంగు రాకపోతే అప్పుడు ఫ్లోరైడ్ చుక్కలు వేయండి. ఎండకు క్లోరిన్ పోతుంది, ఫ్లోరైడ్ గాల్లోకి పోదు కాబట్టి నష్టం లేదు. తొందరపడి మరిగించొద్దు, నీళ్లు బాగా ఇగిరితే అంకె పెరుగుతుంది.

సమస్య: పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లలో ఫ్లోరైడ్ మరీ తక్కువ వస్తోంది

నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ మూడూ పడతాయి. పటికలోంచి నీళ్లలో మిగిలిపోయిన అల్యూమినియం వెళ్లి ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచితే అంకె తగ్గుతుంది, క్లోరిన్ ఉంటే పెరుగుతుంది. ఆ నీళ్లకు ఈ కిట్ వద్దు, ల్యాబ్‌కే పంపండి.

సమస్య: బోరు దగ్గర పీహెచ్ తక్కువ, స్కూలుకు తెచ్చాక ఎక్కువ

భూగర్భ జలంలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతే పీహెచ్ పెరుగుతుంది. బోరు దగ్గరే చూసి రాసుకోండి. తప్పక తేవాలంటే సీసా అంచుదాకా నింపి మూత పెట్టండి.

టీడీఎస్ మీటరులో అంకె తక్కువ ఉంటే ఫ్లోరైడ్ లేనట్టేనా అని అడుగుతారు. కాదు. మీటరు మొత్తం లవణాలను అంచనా వేస్తుంది, వాటిలో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు.

ఫాస్ఫేట్, సల్ఫేట్ లాంటివి కూడా కిట్‌ను తికమక పెడతాయని పుస్తకాల్లో ఉంటుంది. తాగునీళ్లలో ఆ మోతాదు అరుదు, వదిలేయండి.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్లాస్టిక్ సీసాలో పట్టి, తేదీ, నల్లా ఉన్న చోటు రాసి జిల్లా నీటి పరీక్షల ల్యాబ్‌కు ఇవ్వండి. ఫలితం వచ్చేదాకా పిల్లలు తమ అంకెను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకుండా చూడండి.