డ్రాప్ డిలో లొడలొడలాడిన చవక గిటార్

మెటల్ సంగీతం వాయిద్దామని పన్నెండు వేలు పెట్టి హంబకర్లున్న (రెండు చుట్టల పికప్‌లు, అంటే తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాలు) గిటార్ కొన్నాను. ఊగే బ్రిడ్జి (తీగల కింది చివర ఆనే భాగం) ఉన్నది వద్దనుకోవడం ఒక్కటే అప్పట్లో నేను చేసిన తెలివైన పని. ఆరో తీగను ఇ స్వరం నుంచి డికి దించి (ఇదే డ్రాప్ డి), అరచేతి అంచుతో తీగల్ని అణిచిపెడుతూ పామ్ మ్యూట్ కొడితే గర్జన బదులు లొడలొడ, పైగా గట్టిగా కొట్టినప్పుడల్లా శ్రుతి ఒక్క క్షణం పైకెళ్లి దిగుతోంది. పికప్‌లు పనికిరానివేమోనని కొత్తవి కొనబోయాను కూడా. తీరా చూస్తే గిటార్‌తో వచ్చిన తీగలు 09-42 (అన్నిటికంటే సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), శ్రుతి దించితే అవి ఇంకా వదులైపోతాయి.

10-52 సెట్ వేశాను. లావు తీగ నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడిలో ఇరుక్కుని, ట్యూన్ చేస్తుంటే టిక్కుమని జారేది, అందుకే సన్నటి ఆకురాయితో గాడిని కొంచెం కొంచెంగా వెడల్పు చేశాను (తొందరపడి లోతు చేస్తే నట్ మార్చాల్సిందే). లాగుడు పెరిగి మెడ ముందుకు వంగింది, మెడ లోపలి కడ్డీ అయిన ట్రస్ రాడ్ పావు చుట్టు బిగించాను. 12వ ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర నొక్కిన స్వరం హార్మోనిక్ (అక్కడే తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే ఎక్కువ శ్రుతిలో పలుకుతుంటే శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనక్కి జరిపాను.

చివరికి గెయిన్ (ధ్వనిని గరగరలాడించే మోతాదు) తగ్గించి మిడ్స్ (మధ్యస్థాయి ధ్వనులు) పెంచాక రిఫ్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరుసలో) ప్రతి దెబ్బా విడిగా వినబడింది. గరగర లేని క్లీన్ సౌండ్ ఇప్పటికీ అంతంతమాత్రమే, కానీ దాంతో నాకేం పని?