ఫొటోగ్రఫీతో బతుకుతెరువు - 7వ పాఠం: నల్లరాయి, కాగితం, ఫోను

పోయిన పాఠంలో పెళ్లి ఆల్బమ్ షీట్ల కొలతలు చూశాం. మూఢం వచ్చిందంటే ఆ పని ఉండదు. అప్పుడు మా ఒంగోలు ఫొటోగ్రాఫర్లను ఆదుకునేది చీమకుర్తి. అక్కడ దొరికే, నలుపులో బంగారు చుక్కలుండే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకలను కేటలాగుకు, వాట్సాప్‌కు పనికొచ్చేలా తీసిపెట్టమంటారు. ఇంత మొండి సరుకు నా కెమెరాకు మరొకటి తగల్లేదు.

పాలిష్ పట్టిన నల్లరాయి అద్దంతో సమానం. ఎదురుగా నిలబడి నొక్కితే మీ చొక్కా, వెనక ఉన్న రేకుల షెడ్డు పడతాయి. పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే, ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టర్) ఏటవాలుగా తీసేటప్పుడు పనికొస్తుంది గానీ, సూటిగా తీస్తే దండగ. నేనైతే నల్లగుడ్డకు లెన్స్ పట్టేంత కన్నం పెట్టి, దాని వెనక నుంచి తీస్తాను. పలకను ఎండ తగలని చోట నిలబెట్టించండి. అంత బరువును అటూఇటూ తిప్పలేం కాబట్టి, స్టాండు మీది లైటునే పక్క నుంచి కొద్దికొద్దిగా జరపాలి. ఒకచోట బంగారు చుక్కలన్నీ గుప్పున వెలుగుతాయి. లైటు అక్కడ ఆపండి.

కెమెరా మీటరు దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగే అనుకుంటుంది. దాన్ని నమ్మితే నల్లరాయి కాస్తా బూడిదవుతుంది. కాంపెన్సేషన్ (మీటరు లెక్క కంటే ఫొటోను వెలుతురుగానో చీకటిగానో తీయించే సెట్టింగు) మైనస్ 1తో మొదలుపెట్టి, మైనస్ 1.5 దాకా పోయి చూడండి. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైలు) తప్పనిసరి.

ఇక అచ్చు సంగతి. నా మొదటి కేటలాగు చూసి యజమాని అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఏందబ్బాయా, గెలాక్సీ తియ్యమంటే తారు డబ్బా తీశావే!" తప్పు నాదే. మానిటర్ వెలుతురు పూర్తిగా పెంచుకుని కరెక్షన్ చేశాను. తెర తనే వెలుగుతుంది, కాగితం వెలగదు. పైగా కాగితం మీద సిరా కాస్త పాకుతుంది. దాంతో చీకటి ఛాయలన్నీ ఒకదాన్నొకటి మింగేశాయి, చుక్కలు కూడా వాటితోనే పోయాయి.

ఇప్పుడు మానిటర్ పక్కన తెల్లకాగితం పెట్టుకుని, తెర తెలుపు దానితో సరిపోయేదాకా వెలుతురు తగ్గిస్తాను. అచ్చు కాపీలో చీకటి ఛాయలను కాస్త పైకి లేపుతాను. అచ్చు వేయబోయే కాగితం మీదే ఒక ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయిస్తాను. ఫోను కాపీకి ఈ తంటా లేదు, ఎస్‌ఆర్‌జీబీలో (ఫోన్లు, తెరలు మామూలుగా వాడే రంగుల పద్ధతి) సేవ్ చేసి నలుపును నలుపుగానే వదిలేస్తాను.

సైజు లెక్క సులువు. అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే 6000 × 4000, అంటే 20 అంగుళాల వెడల్పు దాకా ఢోకా లేదు. అదే ఫొటో వాట్సాప్‌లో తిరిగొచ్చి 1600 పిక్సెళ్లయితే ఐదున్నర అంగుళాలు కూడా దాటదు. "మీరు పంపిందే కదా" అని దాన్నే ప్రెస్సుకిచ్చే మహానుభావులుంటారు, టెన్షన్ మాత్రం మనకి! అందుకే రెండు ఫోల్డర్లు ఇవ్వండి, పేర్లలోనే "అచ్చుకు", "ఫోనుకు" అని రాయండి. బిల్లులోనూ రెండు వరుసలు వేయండి. మొహమాటపడితే రెండో పని ఊరికే చేసిపెట్టినట్టే.

ఈ వారం పనికి చీమకుర్తి దాకా పోనక్కర్లేదు, ఇంట్లో గ్రానైట్ వంటగట్టు చాలు. కాంపెన్సేషన్ 0, మైనస్ 1, మైనస్ 1.5 దగ్గర మూడు ఫొటోలు తీసి, ల్యాబులో 4 × 6 ప్రింట్లు వేయించండి. వాటిని ఫోను పక్కన పెట్టి, గట్టు మీదే సరిచూడండి. వచ్చే పాఠానికి ఆ మూడు ప్రింట్లూ దగ్గర ఉంచుకోండి.