శ్రావణంలో ఇల్లు మారాలంటే ఆషాఢంలోనే సామాను తియ్యాలి

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. కర్నూలు, వరంగల్, రాజమండ్రి అయ్యాయి, ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురం నుంచి విశాఖపట్నం వెళ్తున్నాం. ఆషాఢంలో ఎలాగూ ఇల్లు మారం కాబట్టి ఆ నెలంతా అక్కర్లేనివి తియ్యడానికే పెట్టుకుంటాను. లారీ వచ్చే ముందు వారం మొదలుపెడితే ఆలోచించే తీరిక ఉండదు. పనికిరానివి పెట్టెల్లోకి ఎక్కుతాయి, మంచివి తూకానికి పోతాయి.

మొదట అటక ఖాళీ చెయ్యండి. కిందికి దించిన ప్రతి వస్తువునూ "ఇది ఎవరికి పనికొస్తుంది?" అని చూడండి. ఆ మనిషి దొరికితే వస్తువు వదలడం తేలిక.

ఇత్తడి సామాను విషయంలో తొందరపడొద్దు. మా అత్తగారి గంగాళం మోసుకుపోలేనని తెలియగానే మా ఆడపడుచుకి ఫోన్ చేసి, "వదినా, అమ్మగారి గంగాళం మీకు కావాలా?" అని అడిగాను. పుట్టింటి వస్తువు ఆవిడకు తెలియకుండా అమ్ముడుపోకూడదు. తీసుకునేవాళ్ళు ఎవరూ లేకపోతే పాతసామాను బండికి కాకుండా ఇత్తడి పాత్రల కొట్టుకే తీసుకెళ్ళండి. అక్కడ పాత ఇత్తడికి విడిగా ధర కడతారు. ఇనుము, అల్యూమినియం, రాగి, ఇత్తడి అన్నీ ఒకే గోతంలో వేసి ఇస్తే అన్నిటికీ ఇనుము ధరే వస్తుంది.

పాత పట్టుచీరలు కూడా అంతే. వీధిలోకి వచ్చి స్టీలు గిన్నె చూపించేవాళ్ళకు ఇచ్చేయకండి. ఒకప్పటి జరీలో వెండి తీగ ఉండేది. వెండి కొట్లో చూపించి, అసలు జరీయో కాదో తెలుసుకున్నాకే బేరం.

బూరుగు దూది పరుపులు పారెయ్యకండి. దూదేకేవాళ్ళ చేత ఏకించి కొత్త గుడ్డ వేయిస్తే మళ్ళీ మెత్తగా అవుతాయి. అణిగిపోయిన ఫోము పరుపుకి ఆ అవకాశం లేదు.

మంచం, ఫ్యాను, మిక్సీలాంటివి ముందు మా ఇంట్లో పనిచేసే ఆవిడనీ, వాచ్‌మన్ కుటుంబాన్నీ అడుగుతాను. "మీకు అక్కర్లేకపోతే మొహమాటపడకండి" అని గట్టిగా చెబుతాను. మనం వదిలించుకునేది వాళ్ళ ఇరుకింట్లో బరువు కాకూడదు. పాడైనది ఇవ్వొద్దు, ఇస్తే బాగు చేయించి ఇవ్వండి. మంచం విప్పితే నట్లు, బోల్టులు ఒక కవర్లో వేసి మంచానికే టేపుతో అంటించండి. మిక్సీతో పాటు జార్లు, మూతలు అన్నీ ఇవ్వండి.

పుస్తకాలు విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాతపుస్తకాల కొట్లకు. అక్కడ పోటీపరీక్షల పుస్తకాలు త్వరగా పోతాయి. పాత పేపర్లు తూకానికి వేసేటప్పుడు మధ్యలో బ్యాంకు కాగితాలు, ఆధార్ జిరాక్సులు ఉన్నాయేమో తిరగెయ్యండి, ఉంటే చింపండి. పాత ఫోను ఎవరికైనా ఇచ్చేముందు సిమ్ము, మెమరీకార్డు తీసి, లోపలున్నదంతా చెరిపెయ్యండి.

ఇన్వర్టర్ బ్యాటరీ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. అందులో సీసం, గంధకామ్లం ఉంటాయి. పాతసామాను బండికి వేస్తే ఏ పెరట్లోనో పగలగొట్టి యాసిడ్ కాలవలో పోసి, సీసం కరిగిస్తారు. ఆ పొగ, ఆ ధూళి చుట్టుపక్కల పిల్లల మెదడుకి హాని చేస్తాయి. నాలుగు డబ్బులు తక్కువొచ్చినా బ్యాటరీల షాపులోనే ఇవ్వండి. కొత్తది కొంటే ధరలో తగ్గిస్తారు కూడా. తీసుకెళ్ళేటప్పుడు పక్కకి ఒరగనివ్వకండి.

మొక్కల కుండీలు అడిగినవాళ్ళకి ఇచ్చెయ్యండి. విప్పిన పప్పులు, పిండ్లు, నూనె చివరి పదిరోజుల్లో వాడెయ్యండి, నెల సరుకులు మళ్ళీ తేవొద్దు.

అన్నిటికంటే చివర వదలాల్సింది గ్యాసు. ఊళ్ళోనే ఇల్లు మారితే సిలిండర్ మనతోనే ఉంటుంది, కనెక్షన్ కొత్త ఏజెన్సీకి మార్పించుకుంటే చాలు. వేరే ఊరైతే సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీలో అప్పగించాలి. డిపాజిట్ తిరిగి ఇచ్చి, టెర్మినేషన్ ఓచర్ ఇస్తారు. కొత్త ఊళ్ళో అది చూపించి కనెక్షన్ తీసుకోవాలి. ఆ ఓచర్, గ్యాసు పుస్తకం లారీ సామానులో వెయ్యకండి, మీ చేతిసంచిలోనే పెట్టుకోండి.