పెద్ద కుక్క ఉన్న ఇంటికి సెకండ్ హ్యాండ్ కారు: బయానా ఇచ్చేముందు జాగ్రత్తలు

లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద కుక్కను పెంచుకుంటూ మొదటి కారు కోసం వరంగల్, హనుమకొండల్లో వెతుకుతున్నవారు ఇవి చూసుకోవాలి.

• ఆర్సీలో హైపోథికేషన్ (కారు మీద బ్యాంకు అప్పు ఉన్నట్టు నమోదు) ఉంటే, అప్పు తీరిపోయిందన్న నోటిమాటను నమ్మకుండా, బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 (ఆ నమోదును తొలగించే పత్రం) చూసిన తర్వాతే డబ్బు ఇవ్వండి. బాకీ మిగిలి ఉంటే బ్యాంకువాళ్లు బండినే పట్టుకెళ్లవచ్చు.

• 2023 జులై వరదలో నగరంలోని ఎన్నో కాలనీలు నీట మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి మట్టి చార ఉందేమో చూడండి. స్టెప్నీ గుంతలో తుప్పును, కార్పెట్ కింద ముక్కిపోయిన వాసనను గమనించండి. మునిగిన బండి వైరింగ్ నెలల తర్వాత కూడా మొరాయిస్తుంది.

• కుక్క నిలబడినప్పటి ఎత్తును, ముక్కు నుంచి తోక మొదలు వరకు పొడవును టేపుతో కొలుచుకొని వెళ్లండి. సెడాన్ డిక్కీలో గాలి ఆడదు కనుక అది కుక్కకు పనికిరాదు. హ్యాచ్‌బ్యాక్ అయినా, ఎస్‌యూవీ అయినా వెనుక సీటు మడిచాక నేల చదునుగా రావాలి. సీఎన్‌జీ సిలిండర్ ఉంటే చాలా కార్లలో ఆ చోటు పోయినట్టే.

• టెస్ట్ డ్రైవ్ మిట్టమధ్యాహ్నం చేయండి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఏసీ చల్లదనం వెనుకదాకా అందకపోతే కుక్కకు వడదెబ్బ తగలవచ్చు.

• కుక్కను తీసుకెళ్లి ఎక్కించి చూడండి. డిక్కీ అంచు ఎత్తుగా ఉంటే, వయసు పైబడి తుంటి నొప్పి వచ్చిన కుక్కకు దూకడం కష్టం.

• కొన్న 14 రోజుల్లోగా బీమాను మీ పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు చేయండి.